ఇంటి వైశాల్యం మీరే కొలుచుకోవడం ఎలా: టేపు పట్టడం నుంచి చివరి అంకె దాకా

ఇంటి వైశాల్యం లెక్క కట్టడానికి కావలసిన గణితం చాలా తక్కువ. పొడవును వెడల్పుతో గుణించడం, వచ్చినవన్నీ కూడడం, అంతే. అయినా ఒకే ఇంటిని ఇద్దరు కొలిస్తే రెండు అంకెలు వస్తాయి. ఒక్కోసారి ఆ రెంటికీ మధ్య ఒక చిన్న గదంత తేడా ఉంటుంది. గుణకారంలో ఎవరూ తప్పు చేసి ఉండరు. ఒకరు గోడ లోపలి అంచు దగ్గర టేపు ఆపి ఉంటారు, ఇంకొకరు బయటి అంచు దాకా లాగి ఉంటారు. ఒకరు బాల్కనీ కలిపి ఉంటారు, ఇంకొకరు వదిలేసి ఉంటారు. కాబట్టి టేపు తీసేముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది.

ముందు ఏ వైశాల్యం కావాలో తేల్చుకోండి

ప్రతి ఇంటికీ టేపుతో కొలవగల వైశాల్యాలు మూడు ఉంటాయి. గదుల్లో కాలు పెట్టగలిగే నేల మాత్రమే ఒకటి. దానికి గదుల మధ్య గోడలు నిలబడిన చోటు కూడా కలిపితే రెండోది. బయటి గోడల మందం కూడా కలిపేసుకుని, ఇల్లు నేల మీద ఎంత మేర ఆక్రమించిందో చెప్పేది మూడోది. టైల్స్ వేయించడానికి మొదటిది కావాలి. కట్టుబడి ఖర్చు అంచనాకు సాధారణంగా మూడోది వాడతారు. కొనుగోలు, అద్దె విషయాల్లో ఏది లెక్కలోకి వస్తుందో ఆయా దేశాల చట్టాలు, ఒప్పందాలు చెబుతాయి.

భారతదేశంలో 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి) చట్టం కార్పెట్ ఏరియాకు ఇచ్చిన నిర్వచనం ఇందులో రెండోదానికి దగ్గరగా ఉంటుంది. ఫ్లాటు లోపలి గోడలు అందులో కలుస్తాయి. బయటి గోడలు, పైపులు వెళ్లే షాఫ్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, వరండా, ఓపెన్ టెర్రస్ కలవవు. చాలామంది కార్పెట్ ఏరియా అంటే గదుల కొలతల మొత్తం అనుకుంటారు. మధ్య గోడల విషయంలో అక్కడే లెక్క తప్పుతుంది. బిల్టప్ ఏరియా అన్నప్పుడు బయటి గోడలు కూడా చేరతాయి. ఇక సూపర్ బిల్టప్ అనేది లిఫ్టు, మెట్లు, లాబీ లాంటి ఉమ్మడి జాగాల్లో మీ వాటా కలిపిన అంకె. అది టేపుతో తేలేది కాదు. ఆ వాటా ఎలా పంచారో బిల్డరు కాగితం మీద చూపించాల్సిందే.

అమెరికాలో విడి ఇళ్లకు వాడే ఆన్సీ (అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ) జెడ్765 ప్రమాణం బయటి గోడ బయటి అంచు నుంచి కొలుస్తుంది. ఫ్రాన్సులో ఫ్లాట్ల అమ్మకానికి 1996లో చేసిన కారే చట్టం గోడలను పూర్తిగా తీసేస్తుంది. రెండు పద్ధతులూ సరైనవే. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితేనే చిక్కు.

ఏం కావాలి

అయిదు మీటర్ల స్టీలు టేపు, గ్రాఫ్ పేపరు, పెన్సిలు, సుద్దముక్క, సాయం పట్టడానికి ఒక మనిషి ఉంటే చాలు. పెద్ద హాలు, బయటి గోడలు కొలవాలంటే పొడవాటి టేపు కూడా చేతిలో ఉంచుకోండి. లేజర్ మీటరు ఉంటే పని సగానికి తగ్గుతుంది.

స్టీలు టేపు కొనకు ఉండే కొక్కెం కాస్త వదులుగా ఆడుతుంటుంది. చూసినవాళ్లు టేపు పాడైందనుకుంటారు, కొందరు దాన్ని సుత్తితో కొట్టి బిగించేస్తారు కూడా. అది కావాలని పెట్టిన వదులు. కొక్కేన్ని అంచుకు తగిలించి లాగితే దాని మందమంత ముందుకు జరుగుతుంది, గోడకు ఆనించి నొక్కితే అంతే వెనక్కి వెళ్తుంది. రెండు రకాలుగా కొలిచినా సున్నా సరైన చోటే ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి.

గది మూలలో టేపు మడత పడే చోట అంకెను ఉజ్జాయింపుగా చదవడం ఇంకో అలవాటు. అలా చదివితే ప్రతి గదికీ అర అంగుళం అటూఇటూ పోతుంది. దీనికి సులువైన మార్గం ఒకటుంది. ఒక గోడ నుంచి సరిగ్గా ఒక మీటరు దగ్గర నేల మీద సుద్దతో గీత పెట్టండి. ఎదుటి గోడ నుంచి ఆ గీత దాకా కొలిచి, మీటరు కలపండి. మడత గొడవే ఉండదు.

లేజర్ మీటరు వాడేవాళ్లు ముందు ఒక సెట్టింగు చూసుకోవాలి. అది తన వెనక అంచు నుంచి కొలుస్తోందా, ముందు అంచు నుంచా? వెనక భాగాన్ని గోడకు ఆనించి పట్టుకుని, సెట్టింగు మాత్రం ముందు అంచుకు ఉందనుకోండి, ప్రతి కొలతలోనూ ఆ పరికరం పొడవంత తగ్గిపోతుంది. ఎదురుగా అద్దం తలుపు ఉంటే కిరణం దాటిపోవచ్చు, అక్కడ ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. పరికరం కొంచెం వంకరగా ఉన్నా దూరం ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, దాన్ని నెమ్మదిగా అటూఇటూ కదిపి వచ్చిన వాటిలో అతి తక్కువ అంకె తీసుకోండి.

ముందు బొమ్మ, తర్వాతే కొలత

ఇల్లంతా ఒకసారి తిరిగి చేత్తో స్కెచ్ గీసుకోండి. స్కేలుకు సరిపోనక్కర్లేదు, అందంగా ఉండనక్కర్లేదు. గదులు ఎలా ఆనుకుని ఉన్నాయి, తలుపులెక్కడ, పిల్లరు ఎక్కడ ముందుకు పొడుచుకొచ్చింది, గోడ ఎక్కడ లోపలికి వెళ్లింది, ఇవి కనబడితే చాలు. అంకెలు రాయడానికి చోటుండాలి కాబట్టి పెద్దగా గీయండి. అంతస్తుకొక కాగితం.

కొలిచేటప్పుడు ఇంటి గుమ్మం దగ్గర మొదలుపెట్టి ఒకే దిక్కుగా తిరగండి. గది తర్వాత గది పూర్తి చేస్తూ వెళ్లాలి. ఇక్కడో గోడ అక్కడో గోడ కొలిస్తే చివరికి స్టోర్ రూమో, రెండు బాత్రూముల మధ్య సందో మిగిలిపోతుంది. కొలత చదివిన మనిషి పైకి చెప్పాలి, రాసే మనిషి తిరిగి చదవాలి. ఇది చాదస్తంలా అనిపించినా, 6 అనేది 9గా మారిపోయే తప్పులు దీంతోనే ఆగుతాయి.

గదిని కొలవడం

గోడ అడుగున ఉండే స్కర్టింగ్ ముందుకు పొడుచుకుని ఉంటుంది కాబట్టి దానికి పైన, గోడకు గోడ కొలవండి. టేపు మధ్యలో వేలాడకూడదు, వేలాడితే ఎక్కువ చూపిస్తుంది. సామాన్లు అడ్డం వస్తే పక్కకు జరిగి కొలవండి గానీ సోఫా మీదుగా టేపు వంచకండి.

పొడవు రెండు చోట్ల, వెడల్పు రెండు చోట్ల తీసుకోండి. రెండు కొలతల మధ్య తేడా అర అంగుళం దాకా ఉంటే సగటు వేసుకుని ముందుకెళ్లొచ్చు. అంతకంటే ఎక్కువైతే ఆ గది మూల తిరిగి ఉందేమోనని అనుమానించాలి. అప్పుడు కర్ణాలు కొలవండి. ఎదురెదురు గోడలు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ ఒకటే అయితే గది సరైన దీర్ఘచతురస్రం. 12 అడుగులు, 9 అడుగుల గదిలో కర్ణం 15 అడుగులు రావాలి. ఒకటి 15 అడుగుల 3 అంగుళాలు, ఇంకోటి 14 అడుగుల 9 అంగుళాలు వచ్చిందంటే గది పక్కకు వాలిన ఆకారంలో ఉంది.

గోడలోకి కట్టిన అల్మరాలు నేల నుంచి మొదలైతే ఆ లోతు విడిగా రాసుకోండి. నేలకు పైన ఉండే అరలు, అటకలు నేల వైశాల్యంలోకి రావు. పిల్లరు గదిలోకి 9 అంగుళాలు పొడుచుకొచ్చి 12 అంగుళాల వెడల్పుంటే అది ముప్పావు చదరపు అడుగు తినేస్తుంది. టైల్స్ లెక్కలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు, ఒప్పందం కోసం కొలుస్తుంటే మాత్రం రాసుకోవాలి.

అంగుళాల చిక్కు

నా లెక్కలో ఇంటి కొలతల్లో అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. 12 అడుగుల 11 అంగుళాలను కాలిక్యులేటర్‌లో 12.11 అని కొట్టేస్తారు. అడుగుకు 12 అంగుళాలు, 10 కాదు. 11 అంగుళాలంటే 11ను 12తో భాగించాలి, 0.917 వస్తుంది. అంటే ఆ కొలత 12.917 అడుగులు. ఆ గది వెడల్పు 10 అడుగులైతే అసలు వైశాల్యం 129 చదరపు అడుగులు, తప్పుగా కొడితే 121. ఒక్క గదిలో 8 చదరపు అడుగులు గాల్లో కలిశాయి. ఇంతకంటే విడ్డూరం, 12 అడుగుల 1 అంగుళాన్ని 12.1 అని, 12 అడుగుల 10 అంగుళాలను 12.10 అని రాస్తే కాలిక్యులేటర్‌కు రెండూ ఒకటే.

మూడు అంగుళాలంటే 0.25, ఆరు అంటే 0.5, తొమ్మిదంటే 0.75. ఇవి గుర్తుంటే మిగతావి 12తో భాగించుకోవచ్చు. అంతకంటే మంచి దారి మొత్తం కొలతలను సెంటీమీటర్లలో తీసుకోవడం. 387 సెంటీమీటర్లంటే 3.87 మీటర్లు, పొరపాటుకు తావే లేదు. కావాలంటే చివరి అంకెను మాత్రం చదరపు అడుగుల్లోకి మార్చుకోండి.

మధ్యలో కొలతలను గుండ్రం చేయొద్దు. 11 అడుగుల 7 అంగుళాలు, 9 అడుగుల 8 అంగుళాల గది దాదాపు 112 చదరపు అడుగులు. దాన్ని 12, 10గా తీసుకుంటే 120 అవుతుంది. గుండ్రం చేసేది ఏదైనా అన్నీ కూడాక, చివర్లో ఒకేసారి.

వంకర గదులు

ఎల్ ఆకారపు హాలును రెండు దీర్ఘచతురస్రాలుగా విడగొట్టి కూడడం అందరికీ తెలిసిందే. అదే హాలును ఒక పెద్ద దీర్ఘచతురస్రంగా ఊహించుకుని, లేని మూలను తీసేసి కూడా లెక్కకట్టండి. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే మీ కొలతలు ఒకదానితో ఒకటి పొసిగాయన్నమాట. రాకపోతే ఏదో ఒక గోడ మళ్లీ కొలవాలి.

రెండు గోడలు సమాంతరంగా ఉండి పొడవులు వేరైతే, ఆ రెండు పొడవుల సగటును వాటి మధ్య దూరంతో గుణించండి. ఆ దూరాన్ని ఏటవాలు గోడ వెంట కొలవకూడదు, సమాంతర గోడలకు లంబంగా కొలవాలి.

ఏ గోడా దేనికీ సమాంతరం కాని గది ఎదురైతే భయపడక్కర్లేదు. నాలుగు గోడలు, ఒక కర్ణం కొలవండి. గది రెండు త్రిభుజాలుగా విడిపోతుంది. మూడు భుజాలు తెలిసిన త్రిభుజానికి హెరాన్ సూత్రం ఉంది: మూడు భుజాలూ కూడి సగం చేయండి. ఆ సగంలోంచి ఒక్కో భుజాన్ని తీసేయండి. సగాన్నీ, వచ్చిన మూడు శేషాలనూ గుణించి వర్గమూలం తీయండి.

ఉదాహరణకు వరుసగా 13, 14, 12, 9 అడుగుల గోడలున్న గది. 9 అడుగుల గోడ, 13 అడుగుల గోడ కలిసే మూల నుంచి ఎదుటి మూలకు కర్ణం 15 అడుగులు. మొదటి త్రిభుజం 13, 14, 15. మొత్తం 42, సగం 21. శేషాలు 8, 7, 6. నాలుగూ గుణిస్తే 7,056, వర్గమూలం 84. రెండో త్రిభుజం 12, 9, 15. సగం 18, శేషాలు 6, 9, 3, లబ్ధం 2,916, వర్గమూలం 54. గది వైశాల్యం 138 చదరపు అడుగులు. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే రెండు నిమిషాల పని.

కిటికీ దగ్గర గోడ విల్లులా వంగి బయటికి వెళ్తే ఆ వంపు మొదలయ్యే రెండు కొసల మధ్య దూరం, మధ్యలో దాని లోతు కొలవండి. రెండూ గుణించి మూడింట రెండు వంతులు తీసుకుంటే, లోతు తక్కువున్న వంపులకు దగ్గరి అంకె వస్తుంది. 8 అడుగుల మేర, అడుగున్నర లోతు ఉంటే సుమారు 8 చదరపు అడుగులు. పూర్తి అర్ధవృత్తమైతే మాత్రం ఈ అడ్డదారి పనికిరాదు. వ్యాసార్ధాన్ని దానితోనే గుణించి, 3.1416తో గుణించి, సగం చేయండి.

గోడల మందం, లెక్క సరిచూడడం

గోడ మందాన్ని ఊహించకండి. తలుపు లేదా కిటికీ తీసి ఉన్న చోట, రెండువైపులా ప్లాస్టరింగ్ కలుపుకుని కొలవండి. ద్వారబంధం గోడకంటే ముందుకు ఉంటే దాన్ని వదిలి గోడ వరకే చూడాలి.

ఇప్పుడు ఒక చిన్న ఇంటిని మొత్తంగా చూద్దాం. బయట నుంచి 30 అడుగులు, 24 అడుగులు. బయటి గోడలు 9 అంగుళాలు, లోపలి గోడలు 6 అంగుళాలు. గదులు ఇలా వచ్చాయి:

హాలు: 16 × 14 = 224
వంటగది: 10.5 × 8 = 84
బాత్రూమ్: 5 × 8 = 40
పెద్ద పడకగది: 12 × 12 = 144
చిన్న పడకగది: 12 × 10 = 120

గదుల మొత్తం 612 చదరపు అడుగులు. కూడిక అయిపోయింది కదా అని ఇక్కడ ఆగకండి. ఇల్లు అడ్డంగా సరిపోయిందా చూడండి: బయటి గోడ 0.75, హాలు 16, మధ్య గోడ 0.5, పడకగది 12, అవతలి గోడ 0.75. మొత్తం 30. నిలువుగా: 0.75, హాలు 14, గోడ 0.5, వంటగది 8, గోడ 0.75. మొత్తం 24. బయట కొలిచిన అంకెలతో సరిపోయాయి. పడకగదుల వైపు కూడా ఇలాగే చూడాలి: 0.75, 12, 0.5, 10, 0.75, మళ్లీ 24.

సరిపోకపోతే ఎంత తేడా వచ్చిందో గమనించండి, తప్పు ఎక్కడుందో ఆ తేడాయే చెబుతుంది. సరిగ్గా ఒక అడుగు తేడా అంటే టేపు మీద అడుగు గుర్తు తప్పు చదివారు. లేజర్ మీటరు పొడవంత అయితే సెట్టింగు తప్పు. గోడ మందమంత అయితే ఒక గోడను మర్చిపోయారు లేదా రెండుసార్లు కలిపారు. రెండడుగుల దాకా మిగిలిపోయి, ఎంత కొలిచినా పోకపోతే ఆ రెండు గదుల మధ్య పైపుల కోసం మూసేసిన డక్టు ఉండే అవకాశం ఎక్కువ. ముప్పై అడుగుల మీద ఒక అంగుళం తేడా అయితే దాని గురించి టెన్షన్ పడకండి.

ఇక మిగతా రెండు అంకెలు. బయటి గోడలు తీసేస్తే లోపల 28.5 × 22.5, అంటే 641.25. ఇందులో గదులు 612 పోను 29.25 లోపలి గోడల కింద ఉంది. బయటి అంచుల లెక్కన 30 × 24 = 720. కాబట్టి ఈ ఇల్లు 612 అన్నా, 641 అన్నా, 720 అన్నా అబద్ధం కాదు. మొదటిదానికీ చివరిదానికీ తేడా 108 చదరపు అడుగులు, 720లో అది 15 శాతం. ఇల్లు చిన్నదయ్యేకొద్దీ, గదులు ఎక్కువయ్యేకొద్దీ గోడల వాటా పెరుగుతుంది.

ఫ్లాటులో బయటి నుంచి టేపు పట్టడం కుదరదు. లోపలి కొలతలకు గోడల మందం కలిపి రాబట్టాలి. పక్క ఫ్లాటుతో కలిసిన గోడను సాధారణంగా చెరిసగం చేసుకుంటారు.

కలపాలా వద్దా

నేల లేని చోటుకు వైశాల్యం లేదు. హాలు రెండంతస్తుల ఎత్తుంటే కింది అంతస్తులో ఒకసారే లెక్క, పైన ఆ ఖాళీని తీసేయాలి. మెట్ల విషయంలో పద్ధతులు వేరువేరు. ఆన్సీ ప్రమాణం మెట్లను అవి ఏ అంతస్తు నుంచి కిందికి దిగుతాయో ఆ అంతస్తులో కలుపుతుంది. కారే చట్టం వాటిని అసలు లెక్కలోకి తీసుకోదు. ఏది పాటించినా స్కెచ్ మీద రాయండి.

ఏటవాలు పైకప్పు ఉన్న గదుల్లో ఎత్తు చూడాలి. కారే చట్టం 1.80 మీటర్లకు తక్కువ ఎత్తున్న చోటును వదిలేస్తుంది. జర్మనీ 2004 నివాస వైశాల్య నిబంధనల్లో 2 మీటర్లు, ఆపైన ఎత్తుంటే పూర్తిగా, ఒకటి నుంచి రెండు మీటర్ల లోపయితే సగం, మీటరు కంటే తక్కువైతే సున్నా. ఆ గీత ఎక్కడ పడుతుందో కనుక్కోవడానికి, కావలసిన ఎత్తుకు ఒక కర్రను కోసి నిలువుగా పట్టుకుని పైకప్పు దిగే వైపు జరపండి. పైన తగిలిన చోట కర్ర అడుగున సుద్దతో గుర్తు పెట్టండి. రెండు కొసల్లో రెండు గుర్తులు కలిపితే నేల మీద సరిహద్దు గీత వస్తుంది. అక్కడి దాకా కొలవడమే.

బాల్కనీ, వరండా, గ్యారేజీ, టెర్రస్, సెల్లారు ఎప్పుడూ విడిగా కొలిచి విడిగా రాయండి. జర్మన్ నిబంధనలు బాల్కనీని మామూలుగా నాలుగో వంతు, ఎక్కువలో ఎక్కువ సగం లెక్కిస్తాయి. రెరా కార్పెట్ ఏరియాలో అది చేరదు. విడిగా రాసి ఉంటే ఎవరు ఎలా అడిగినా చెప్పొచ్చు. ఒకసారి మొత్తంలో కలిపేస్తే మళ్లీ విడదీయడానికి ఇల్లంతా కొలవాల్సి వస్తుంది.

యూనిట్లు మార్చేటప్పుడు

ఒక అడుగు కచ్చితంగా 0.3048 మీటర్లు. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. మీటరుకు 3.28 అడుగులు కదా అని వైశాల్యాన్ని 3.28తో గుణించేవాళ్లున్నారు. అది పొడవుకే పనికొస్తుంది. చదరపు గజానికి 9 చదరపు అడుగులు. మన ఉదాహరణలోని 720 చదరపు అడుగులు 80 చదరపు గజాలు, దాదాపు 66.9 చదరపు మీటర్లు.

కాగితం మీద అంకెతో పోల్చడం

మీ అంకె చేతికొచ్చాక ఒప్పందంలోనో ప్లానులోనో ఉన్న అంకెతో పక్కపక్కన పెట్టండి. ప్లాను మీది కొలతలు ప్లాస్టరింగ్‌కు ముందువా, తర్వాతవా అన్నది మొదట చూడాలి. ప్లాస్టరింగ్ రెండు గోడల మీదా మందం తింటుంది, 10 అడుగుల గదిలో ఒక అంగుళం దాకా అలా పోవచ్చు. అన్ని గదుల్లోనూ కొద్దికొద్దిగా తగ్గితే కారణం అదే అయ్యుంటుంది. ఒక్క గదిలోనే పెద్ద తేడా ఉంటే కట్టేటప్పుడు గోడ జరిగి ఉండొచ్చు. గదులన్నీ ప్లానుతో సరిపోయి మొత్తం మాత్రమే ఎక్కువ రాసి ఉంటే, అందులో ఏమేం కలిపారో గది గదికీ లెక్క అడగండి. అడగడానికి వెళ్లేటప్పుడు మీ స్కెచ్ మీద కొలిచిన తేదీ, గోడ ఏ అంచు నుంచి కొలిచారు, ఏమేం వదిలేశారు అన్నవి రాసి ఉంచండి. వీలైతే తేడా వచ్చిన గదిని అవతలివాళ్ల ఎదుటే ఇంకోసారి కొలవండి.